కాన్పు గదిలో చూసింది చెబితే నేరమెలా అవుతుంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. యుద్ధాల గురించి మాట్లాడటం డాక్టర్లకీ నర్సులకీ తగదని, వైద్యం చేయడం వరకే వాళ్ళ పని అని, మిగతాది దేశాల నాయకులు చూసుకుంటారని ఆయన రాశారు. ఆయన మీద నాకు కోపమేమీ లేదు, చాలామంది అనుకునేదే ఆయనా అన్నారు. కానీ ఇరవై ఆరేళ్ళు లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, ఆ మాట చదివి ఊరుకోలేకపోయాను. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముందు మా పనిలో బయటివాళ్ళకి అంతగా తెలియని ఒక సంగతి చెప్పాలి. ఆసుపత్రిలో ఒక తల్లి కాన్పులో చనిపోతే అది అక్కడితో అయిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతి ప్రకారం 24 గంటల్లోగా ఆ మరణం గురించి పైకి తెలియజేయాలి, ఇంటి దగ్గర చనిపోతే 48 గంటల్లోగా. తర్వాత అందరూ కూర్చుని జరిగిందంతా గంట గంటా తిరగేస్తారు. నొప్పులు మొదలయ్యాక ఇంట్లో ఎంతసేపు ఉంది, బండి ఎప్పుడు దొరికింది, గేటు దగ్గరికి ఎన్నింటికి వచ్చింది, డాక్టర్ ఎన్నింటికి చూశారు, ఎన్ని యూనిట్ల రక్తం అడిగారు, ఎన్ని వచ్చాయి, ఇలా. ఎవర్నో పట్టి శిక్షించడానికి పెట్టింది కాదు ఇది, తేడా ఎక్కడొచ్చిందో తెలుసుకుంటే ఇంకో తల్లి అలా పోకుండా ఉంటుందని పెట్టింది. ఆ మీటింగులో నర్సు నోరు మూసుకుని కూర్చుంటే తప్పు. ఇంజెక్షన్ ఇవ్వడం మా డ్యూటీ ఎలాగో, చూసింది చూసినట్టు చెప్పడం కూడా అలాగే మా డ్యూటీ.

నేను పనిచేసిన చోట ఒక రాత్రి జరిగింది చెప్తాను. ఆసుపత్రి పేరు అనవసరం. రెండో కాన్పు, బిడ్డ బాగానే పుట్టాడు, మాయ కూడా పడింది, కానీ గర్భసంచి బిగుసుకోలేదు. పొట్ట మీద చెయ్యి వేస్తే బంతిలా గట్టిగా తగలాలి, అది నానిన పిండిముద్దలా మెత్తగా ఉంది. గర్భసంచి బిగుసుకుని రక్తం ఆగడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చాం, మళ్ళీ ఇచ్చాం, పొట్ట మర్దన చేస్తూనే ఉన్నాం, రక్తం ఆగట్లేదు. మంచం కింద పెట్టిన ట్రే నిండిపోయి అంచు మీదుగా నా చెప్పుల మీదకి కారింది. తెల్లవారేలోపు ఆమె వెళ్ళిపోయింది. తర్వాత పెట్టిన మీటింగులో ఆలస్యంగా వచ్చిందన్నారు, రక్తహీనత ఉందన్నారు, రెండూ నిజమే. కానీ ఆ వారమంతా ఇంజెక్షన్లు పెట్టే ఫ్రిజ్ సరిగ్గా పనిచేయలేదు. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, వేడి తగిలితే పనితనం పోతుంది, చూడ్డానికి మాత్రం మందున్న గాజు సీసా ఎప్పట్లాగే కనిపిస్తుంది. నేను లేచి ఫ్రిజ్ సంగతి చెప్పాను. బయటికొచ్చాక ఒక సీనియర్ సిస్టర్ నన్ను పక్కకి పిలిచి, నీకెందుకమ్మా ఈ గొడవ, హాయిగా ఉద్యోగం చేసుకోక, అంది. ఆమె నా మంచికే చెప్పింది, ఆ టెన్షన్ నాకూ లేకపోలేదు. అయితే నెల తిరక్కుండా కొత్త ఫ్రిజ్ వచ్చింది, దాని తలుపు మీద రోజుకి రెండుసార్లు టెంపరేచర్ రాసే చార్టు కూడా అంటించారు.

ఇప్పుడు ఆ ఫ్రిజ్‌ని చుట్టూ సైన్యం ముట్టడించిన ఊళ్ళో పెట్టి చూడండి. కరెంటు తీసేశారు, జనరేటర్‌కి డీజిల్ రానివ్వరు, ఫ్రిజ్ ఆగిపోయింది, ఇంజెక్షన్ పనిచేయలేదు, తల్లి చనిపోయింది. అక్కడి నర్సు కూడా నేను చెప్పిన మాటే చెప్పాలి, ఫ్రిజ్ పనిచేయలేదనే. కానీ ఆమె ఆ మాట అన్న మరుక్షణం, ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు ఎవరో ఒక సైన్యం పేరు. నేను చెబితే డ్యూటీ అయింది, ఆమె చెబితే రాజకీయమా? చెప్పిన మాటలో తేడా ఏముంది?

ఆ పాఠకుడికి ఒక లెక్క కూడా చెప్పాలి. 2023లో ప్రపంచం మొత్తం మీద గర్భం వల్లో కాన్పు వల్లో చనిపోయిన తల్లులు సుమారు 2,60,000 మంది, అంటే రోజుకి 700 మందికి పైగా. ఆ చావుల్లో దాదాపు పదింట ఆరు యుద్ధాలతోనో అస్తవ్యస్తమైన పాలనతోనో నలుగుతున్న దేశాల్లోనే జరిగాయి. వాళ్ళలో ఎక్కువమందికి తగిలింది తూటా కాదు. రక్తం ఆగక, బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చి, కాన్పు తర్వాత ఇన్‌ఫెక్షన్ సోకి, బిడ్డ అడ్డం తిరిగి, ఇలా మేం రోజూ చూసేవే, మందు తెలిసినవే. మా చదువులో మూడు ఆలస్యాలని చెప్తారు. ఆసుపత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. యుద్ధం వస్తే ఈ మూడింటి దగ్గరా తుపాకీ పట్టుకున్నవాడు నిలబడతాడు. రాత్రి కర్ఫ్యూ కాబట్టి తెల్లారేదాకా ఆగుదామనుకుంటారు, తెల్లారి బయల్దేరితే చెక్‌పోస్ట్ దగ్గర ఆపుతారు, ఎలాగో చేరితే మత్తు డాక్టర్ పారిపోయి ఉంటాడు.

అలా చెక్‌పోస్ట్ దగ్గర బండిలోనే రక్తం పోయి చనిపోయిన ఆడమనిషి ఏ లెక్కలోకి వస్తుంది? ఆమె ఒంటి మీద గాయం లేదు, ఏ బాంబూ పడలేదు, యుద్ధంలో చనిపోయినవాళ్ళ జాబితాలో ఆమె పేరుండదు. ఆమె ఎందుకు చనిపోయిందో తెలిసింది ఆమె వెంట వచ్చిన భర్తకి, తర్వాత ఆమె ఒంటి మీద చెయ్యి వేసి చూసిన నర్సుకి. భర్త మాట ఎవరూ రాసుకోరు. నర్సు నోరు కూడా మూయించేస్తే ఇక ఆ చావు జరగనట్టే.

2022 మార్చి 9న యుక్రెయిన్‌లో మరియుపోల్ నగరంలో కాన్పుల ఆసుపత్రి మీద బాంబు పడింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్తున్న నిండు గర్భిణి ఫోటో, కడుపు కింద చెయ్యి వేసుకుని ఉన్న ఆ ఫోటో, ప్రపంచమంతా చూసింది. అక్కడ పేషెంట్లు లేరని, ఆసుపత్రిని సాయుధులు ఎప్పుడో ఆక్రమించేశారని రష్యా ప్రభుత్వం చెప్పింది. అక్కడ ప్రాణాలతో బయటపడిన ఇంకో గర్భిణిని నటి అని కూడా ప్రచారం చేశారు. మరి నిజం ఎలా తెలిసింది? ఆ స్ట్రెచర్ మీది ఆమెని ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళారు, కటి ఎముకలు నుజ్జయిపోయాయి, సిజేరియన్ చేసి బిడ్డని తీస్తే ప్రాణం లేదు, తర్వాత అరగంట పైగా ప్రయత్నించినా తల్లి కూడా దక్కలేదు. ఈ సంగతి ఆపరేషన్ చేసిన సర్జన్ విలేకరులకి చెప్పారు కాబట్టి తెలిసింది. ఆయన ఆ రోజు నా పని వైద్యం వరకే అనుకుని మాస్క్ తీసి ఇంటికెళ్ళిపోయి ఉంటే, ఆ తల్లీబిడ్డా ఇవాళ్టికీ నాటకంలో పాత్రలుగానే మిగిలేవాళ్ళు.

గాజాలో 2023 అక్టోబర్‌లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ సుమారు 50,000 మంది గర్భిణులు ఉన్నారని, రోజుకి 180 దాకా కాన్పులు జరుగుతాయని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా వేసింది. నవంబర్‌లో అల్ షిఫా ఆసుపత్రికి ఇంధనం అయిపోయి ఇంక్యుబేటర్లు ఆగిపోయాయి. నెలలు నిండని పసిగుడ్లని మామూలు మంచం మీద ఒకరి పక్కన ఒకరిని పడుకోబెట్టిన ఫోటో మీ పాఠకులకీ గుర్తుండే ఉంటుంది. అది లోపలున్న డాక్టర్లు బయటికి పంపిన ఫోటో. కొందరు పిల్లలు అక్కడే చనిపోయారు, నవంబర్ 19న 31 మందిని బయటికి తరలించగలిగారు. నేను ప్రీమెచ్యూర్ పిల్లల్ని చూసినదాన్ని, వాళ్ళ ఒంటి వేడి ఒక్క డిగ్రీ తగ్గితేనే మేం ఎంత కంగారు పడతామో తెలుసు, ఆ ఫోటో చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ ఫోటో పంపడం వైద్యమా, రాజకీయమా? ఇంక్యుబేటర్ ఆగిపోయాక ఆ పిల్లలకి ఇంకేం వైద్యం మిగిలింది చేయడానికి, సాయం చేయండని కేక వేయడం తప్ప?

2020 మే 12న కాబూల్‌లో దష్త్-ఎ-బర్చీ ఆసుపత్రి ప్రసూతి వార్డులోకి తుపాకులతో వచ్చి 24 మందిని చంపారు. అందులో 16 మంది తల్లులు, కాన్పులు చేసే ఒక మిడ్‌వైఫ్, ఇద్దరు చిన్నపిల్లలు. వార్డు నడిపిన డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ (ఎంఎస్‌ఎఫ్) సంస్థ వాళ్ళే లోపలికెళ్ళి చూసి, దాడి చేసినవాళ్ళు తల్లుల్ని చంపడానికే వచ్చారని బయటికి చెప్పారు. సూడాన్‌లో ఎల్ ఫాషర్ నగరం ఏడాదిన్నర ముట్టడి తర్వాత 2025 అక్టోబర్ చివర్లో, అక్కడి సైన్యంతో పోరాడుతున్న ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళం చేతికి చిక్కింది, అక్కడ మిగిలిన సౌదీ ప్రసూతి ఆసుపత్రిలో 460 మందికి పైగా పేషెంట్లు, వాళ్ళతో ఉన్నవాళ్ళు హతమయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది, వైద్య సిబ్బందిలో కొందర్ని ఎత్తుకుపోయారు కూడా. కాన్పుల ఆసుపత్రిలో అంతమంది! ప్రపంచం రెండు రోజులు మాట్లాడుకుని ఇంకో వార్తకి వెళ్ళిపోయింది.

చెప్పినవాళ్ళకి ఏం జరిగిందో కూడా చూడాలి కదా.

శ్రీలంకలో 2009లో యుద్ధం చివరి నెలల్లో, బయటి విలేకరుల్ని రానివ్వని వన్ని ప్రాంతంలో కొందరు డాక్టర్లు పనిచేస్తూ ఉండిపోయారు. వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులే. గుండ్ల వర్షంలో ఎంతమంది గాయపడి వస్తున్నారో, మందులు లేక ఏం జరుగుతోందో ఫోన్లలో బయటి ప్రపంచానికి చెప్పారు. మే నెలలో యుద్ధం ముగియగానే వాళ్ళని అరెస్టు చేశారు. జూలైలో కస్టడీలో ఉండగానే ప్రెస్‌మీట్‌లో కూర్చోబెట్టారు, మేం చెప్పినవి ఎక్కువ చేసి చెప్పిన లెక్కలని వాళ్ళ నోటితోనే అనిపించారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా. బెయిలు తర్వాత వచ్చింది, కానీ ఆ ప్రెస్‌మీట్ చూసిన ఏ కుర్ర డాక్టరైనా ఇంకోసారి నోరు తెరుస్తాడా?

టర్కీలో 2018 జనవరిలో వైద్యుల సంఘం వాళ్ళు యుద్ధం ప్రజారోగ్య సమస్య అని ఒక ప్రకటన ఇచ్చారు. అంతే. కేంద్ర కమిటీలో ఉన్న 11 మందినీ అదుపులోకి తీసుకున్నారు, మరుసటి ఏడాది కోర్టు జైలు శిక్షలు వేసింది. యుద్ధం ఆరోగ్యానికి చేటు అన్న మాటలో అబద్ధం ఎక్కడుందో నాకైతే ఎంత వెతికినా కనపడలేదు.

గాజాలో కమాల్ అద్వాన్ ఆసుపత్రి డైరెక్టర్, పిల్లల డాక్టర్ హుస్సామ్ అబూ సఫియా వారాల తరబడి లోపలి పరిస్థితిని వీడియోల్లో చెబుతూ వచ్చారు. 2024 డిసెంబర్ 27న ఇజ్రాయెల్ సైన్యం ఆయన్ని నిర్బంధించింది. ఆసుపత్రిని హమాస్ వాడుకుంటోందని సైన్యం ఆరోపణ. నేరం ఉంటే కోర్టులో పెట్టి రుజువు చేయాలి, కేసు పెట్టకుండా నెలల తరబడి లోపల ఉంచడం ఏ న్యాయం?

కాంగోలో డెనిస్ ముక్వేగె గురించి చాలామందికి తెలుసు, 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చాక. ఆయన గైనకాలజిస్టు. కాన్పుల్లో తల్లులు చనిపోకుండా చూడాలని బుకావులో పాంజీ ఆసుపత్రి మొదలుపెట్టారు. వచ్చిన మొదటి పేషెంట్ మాత్రం కాన్పుకి రాలేదు, సామూహిక అత్యాచారం వల్ల చిరిగిపోయిన శరీరంతో వచ్చింది. ఆయన కుట్లు వేస్తూనే ఉన్నారు, అదే ఊళ్ళ నుంచి అదే గాయాలతో మళ్ళీ మళ్ళీ ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. కుట్లు వేయడం ఒక్కటే సరిపోదని 2012 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో నిలబడి మాట్లాడారు. నెల తర్వాత ఆయన ఇంట్లోకి సాయుధులు చొరబడ్డారు. ఆయన బతికారు, కాపలా మనిషి చనిపోయాడు. కుటుంబంతో యూరప్ వెళ్ళిపోతే, ఆయన వైద్యం చేసిన పల్లెటూరి ఆడవాళ్ళు పండ్లూ ఉల్లిపాయలూ అమ్మి ఆయన తిరిగొచ్చే టికెట్ కోసం డబ్బు పోగుచేశారు. ఆయన తిరిగొచ్చారు. వైద్యుడు మాట్లాడటం తగదని ఆ ఆడవాళ్ళు అనుకోలేదు, చూశారా.

ఇవన్నీ యుద్ధభూములు, అక్కడ అంతేలే అనుకుంటారేమో. 2024 మే నెలలో న్యూయార్క్‌లో లేబర్ రూమ్‌లో పనిచేసే ఒక నర్సుకి అవార్డు ఇచ్చారు. కడుపులో బిడ్డని పోగొట్టుకున్న తల్లుల్ని బాగా ఓదార్చి చూసుకున్నందుకు ఆ అవార్డు. ఆమె మూలాలు పాలస్తీనాలో ఉన్నాయి. అవార్డు తీసుకుంటూ, గాజాలో బిడ్డల్ని పోగొట్టుకుంటున్న తల్లుల్ని తలుచుకుంది, అక్కడ జరుగుతున్నదాన్ని జాతిహననం అంది. కొద్దిరోజులకి ఉద్యోగం తీసేశారు. ఇలాంటి విషయాలు పనిచేసే చోటికి తేవద్దని ముందే హెచ్చరించామని ఆసుపత్రి వాదన. ఆ పదం సరైందా కాదా అని వాదించేవాళ్ళు వాదించుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ చనిపోయిన బిడ్డని గుడ్డలో చుట్టి తల్లి చేతికి ఇవ్వడం ఎంత కష్టమో తెలిసిన మనిషి, అందుకే అవార్డు తీసుకుంటున్న మనిషి, ఇంకో చోట అదే దుఃఖంలో ఉన్న తల్లుల్ని తలుచుకోకుండా ఎలా ఉంటుంది? ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. చేతులకి ఆ బరువు గుర్తుండిపోతుంది.

ఆ పాఠకుడు రాసినదాంట్లో ఒక మాటని మాత్రం తోసిపుచ్చలేను. పేషెంట్లలో అన్ని పక్షాలవాళ్ళూ ఉంటారు, నర్సు ఒక పక్షం గురించి మాట్లాడితే రెండో పక్షం ఆమెని ఎలా నమ్మి మంచం ఎక్కుతారని ఆయన అడిగారు. మంచి ప్రశ్న. మంచం దగ్గర నర్సుకి పక్షం ఉండకూడదు, దానికి తిరుగులేదు. నొప్పులు పడుతున్న అమ్మాయి మొగుడు ఏ సైన్యంలో ఉన్నాడో నాకు అనవసరం, ఆమె ముందు యుద్ధం మాట ఎత్తినా తప్పే. కానీ మీటింగు, వేదిక, పత్రిక, డ్యూటీ దిగాక సొంత ఫోన్, ఇవేవీ పేషెంట్ మంచం కాదు. ఇక పేషెంట్ రహస్యం సంగతి. సూడాన్‌లోని డార్ఫర్‌లో 2005 మార్చిలో ఎంఎస్‌ఎఫ్ వాళ్ళు కొన్ని నెలల్లో తాము వైద్యం చేసిన సుమారు 500 మంది అత్యాచార బాధితుల గురించి నివేదిక వేశారు. సూడాన్ ప్రభుత్వం ఆధారాలు ఇమ్మంది. పేషెంట్ల వివరాలు ఇచ్చేది లేదన్నారు ఎంఎస్‌ఎఫ్ వాళ్ళు, దాంతో ఆ సంస్థ అధికారులు ఇద్దర్ని అరెస్టు చేశారు, తర్వాత కేసు ఎత్తేశారు. ఎంతమందో, ఏం జరిగిందో చెప్పారు, ఒక్క పేరు కూడా బయటపెట్టలేదు. మాట్లాడటం, రహస్యం కాపాడటం రెండూ ఒకే మనిషి చేయగలదని అప్పుడే తేలిపోయింది.

ఇంకో వాదన కూడా ఉంది, అది నాకు నిజంగా కష్టంగా అనిపించేది. మాట్లాడితే తరిమేస్తారు, తరిమేస్తే ఉన్న కాస్త వైద్యం కూడా పోతుంది. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ చాలావరకు బయట మాట్లాడకుండా ప్రభుత్వాలతో లోపాయికారీగానే మాట్లాడుతుంది, అందుకే జైళ్ళలోకి కూడా వాళ్ళని రానిస్తారు. ఆ పద్ధతి వల్ల బతికినవాళ్ళు ఉన్నారు, కాదనను. ఎంఎస్‌ఎఫ్ పుట్టిందే ఆ మౌనం భరించలేక, నైజీరియాలో బియాఫ్రా యుద్ధం చూసొచ్చిన ఫ్రెంచ్ డాక్టర్లు కొందరు విలేకరులతో కలిసి 1971లో పెట్టారు. మాట్లాడినందుకు 1985లో ఇథియోపియా వాళ్ళని వెళ్ళగొట్టింది. 2014లో మయన్మార్‌లో, రోహింగ్యాల మీద హింస జరిగిందన్న చోట గాయపడినవాళ్ళకి వైద్యం చేశామని చెప్పినందుకు రఖైన్ రాష్ట్రంలో పని ఆపించేశారు, ఆ తర్వాత అక్కడి గర్భిణులకి ఎవరు దిక్కయ్యారో ఆలోచిస్తే గుండె పిండినట్టవుతుంది. కాబట్టి ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఆగాలి అన్నది తేలికైన లెక్క కాదు. కానీ ఆ లెక్క వేసుకోవాల్సింది అక్కడ మంచం పక్కన నిలబడ్డవాళ్ళు. తుపాకీ పట్టుకున్నవాడో, జీతం ఇచ్చేవాడో కాదు.

చట్టం సంగతి చూద్దామని కూర్చుని చదివాను. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం గర్భిణులకి ప్రత్యేక రక్షణ ఇవ్వాలంటుంది, కాన్పుల ఆసుపత్రుల మీద దాడి చేయకూడదంటుంది, గర్భిణులకీ బాలింతలకీ కావాల్సిన ఆహారం, మందులు పోనివ్వాలంటుంది. 1977లో వచ్చిన అదనపు ప్రొటోకాల్ అయితే, వైద్య నీతి ప్రకారం వైద్యం చేసినందుకు ఎవర్నీ శిక్షించకూడదని స్పష్టంగా చెప్పింది. 2016 మే 3న భద్రతా మండలి 2286వ తీర్మానంలో వైద్య సిబ్బంది మీద, ఆసుపత్రుల మీద దాడుల్ని గట్టిగా ఖండించింది. ఇన్ని ఉన్నా, చూసింది చెప్పినందుకు శిక్షించకూడదని నేరుగా చెప్పే వాక్యం నాకు వీటిలో కనపడలేదు. వైద్యం చేసే చేతికి రక్షణ ఉంది, చెప్పే నోటికి లేదు. భావ స్వేచ్ఛకి వేరే ఒప్పందం ఉంది, కానీ అందులో దేశ భద్రత పేరుతో ఆంక్షలు పెట్టొచ్చని రాసుంది, యుద్ధం వస్తే ప్రతి ప్రభుత్వం చేతికి ముందు అందేది ఆ వాక్యమే. ఆసుపత్రుల మీద దాడుల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నమోదు చేస్తుంది, మంచిదే, కానీ దాడి జరిగిందని రాస్తారు తప్ప చేసిందెవరో అందులో రాయరు. మరి ఎవరు చెప్పాలి?

ప్రపంచ వైద్య సంఘం 1956లోనే ఒక మాట చెప్పింది, యుద్ధంలోనూ వైద్య నీతి శాంతికాలంలో ఉన్నదే అని. నాకు అది చాలు. శాంతికాలంలో తల్లి చావు గురించి 24 గంటల్లో చెప్పి తీరాలన్నది నీతి అయితే, యుద్ధంలో కూడా అదే నీతి కావాలి.

తల్లుల ఆరోగ్యం అన్నదే ఇలా నోరు విప్పినవాళ్ళ వల్ల బాగుపడింది, యుద్ధం ఉన్నా లేకపోయినా. 1795లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గోర్డన్ అనే డాక్టర్, బాలింత జ్వరాన్ని ఒకరి నుంచి ఒకరికి మోసుకెళ్తున్నది తనతో సహా వైద్యం చేసేవాళ్ళేనని పేర్లతో పట్టిక వేసి ప్రచురించాడు. ఊరంతా ఆయన మీద పడింది, తర్వాత ఆయన ఊరు విడిచి వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళ తర్వాత వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టర్ తోటి డాక్టర్లని చేతులు కడుక్కోమన్నందుకు పడిన అవమానాలు మా నర్సింగ్ పుస్తకాల్లోనే ఉన్నాయి. ఇవాళ చేతులు కడుక్కోకుండా ఏ నర్సూ తల్లి దగ్గరికి వెళ్ళదు.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. డ్యూటీలో లేనప్పుడు, పేషెంట్ ఎవరో తెలియనివ్వకుండా, తన కళ్ళతో చూసింది చెప్పిన నర్సునీ డాక్టర్నీ ఉద్యోగంలోంచి తీయకూడదు, జైల్లో పెట్టకూడదు. ఇది ఒక దేశం నర్సులకి ఒకలా, ఇంకో దేశం నర్సులకి ఒకలా ఉండకూడదు. మరియుపోల్ గురించి చెబితే మెచ్చుకుని గాజా గురించి చెబితే షోకాజ్ నోటీసు ఇవ్వడం అన్యాయం, 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌లో హమాస్ దాడి బాధితులకి చికిత్స చేసినవాళ్ళు చూసింది చెప్పినప్పుడు చెవులు మూసుకోవడం కూడా అంతే అన్యాయం. విన్న పుకార్లు కాదు, చూసింది. నర్సుల సంఘాలు, మెడికల్ కౌన్సిళ్ళు ఇలాంటి కేసు వచ్చినప్పుడు మనకెందుకులే అని తప్పుకోకుండా పక్కన నిలబడాలి. ఒంటరిగా ఉన్న నర్సుని బెదిరించడం ఎవరికైనా సులువు. ఫ్రిజ్ గురించి మాట్లాడటానికి లేచిన రోజున నాకు కాళ్ళు వణికాయి, నా ముందున్నది ఒక మీటింగ్ హాలు మాత్రమే.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. ఎక్కడైనా కాన్పుల ఆసుపత్రి మీద దాడి జరిగితే, రెండు సైన్యాల ప్రతినిధులు ఏమన్నారో మొదటి పేజీలో వేస్తారు, లోపలున్న మిడ్‌వైఫ్ ఏం చెప్పిందో లోపలి పేజీలో చివరి పేరాలో వస్తుంది, చాలాసార్లు రానే రాదు. ఈసారి ఆమె మాట ముందు వేయండి. ఆ రాత్రి ఎంతమంది నొప్పుల మీద ఉన్నారో, కరెంటు ఎన్నింటికి పోయిందో, రక్తం ఉందో లేదో, ఎవర్ని ఏ దారిన బయటికి తీసుకెళ్ళారో ఆమెకే తెలుసు. ఆమె మాట్లాడలేకపోతే, ఎందుకు మాట్లాడలేకపోతోందో, ఎవరు ఆపారో, ఆ సంగతే మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు